నాయన వంతు నీళ్ళు

1946 జూలై ఎనిమిది, సోమవారం, పగలు పదకొండు గంటలకు మా పెదనాయన మూడు పడవ మోటార్లను ఎద్దుబండిలో వేసుకుని కుప్పంలోకి వచ్చాడు. మా చెల్లెలు అది ఆదివారం అంటుంది. ఆదివారం మా అమ్మ ఎండు రొయ్యల గంప ఎత్తుకుని తడ సంతకు పోయేది, పొద్దుగూకితే గానీ తిరిగొచ్చేది కాదు. ఆ రోజు బండి చప్పుడు విని, పొయ్యి మీది కుండ దించి అందరికంటే ముందు బయటికి వచ్చింది అమ్మే. కాబట్టి సోమవారం. మదరాసు రైలు తడలో తొమ్మిదికి ఆగేది. అక్కడి నుంచి ఇసుక దారిలో బండికి రెండు గంటలు పట్టేది. నాకప్పుడు పదకొండేళ్ళు.

కుప్పమంటే జాలర్ల పల్లె. మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఉండేది, పక్కనే మదరాసుకు పడవలు పోయే కాలవ. ఇప్పుడు ఆ వైపంతా తిరుపతి జిల్లా, అప్పట్లో నెల్లూరు. ఇంట్లో ఆరుగురం. తాత, ఆయన పెద్ద కొడుకు మా పెదనాయన, చిన్న కొడుకు మా నాయన, అమ్మ, నేను, చెల్లెలు. పెద్దమ్మ బిడ్డల్లేకుండానే పోయింది. యుద్ధం రోజుల్లో నాలుగేళ్ళు పెదనాయన మదరాసులో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. యుద్ధం ముగిసింది, షెడ్డు మూసేశారు. మిగిలిన సరుకును వేలం వేస్తుంటే ఆయన ఈ మూడూ కొన్నాడు.

తాత కర్రతో ఒకదాన్ని పొడిచి చూశాడు.

"ఏందిరా ఇది? మెడ ఇరిసిన కోడి మాదిరి ఉండాది."

"నాయనా, ఇది పది మంది తెడ్డేసినంత పని సేస్తాది," అన్నాడు పెదనాయన. "పడవ ఎనక తగిలించి తాడు లాగితే సాలు. నూటపదికి ఒకటి తెచ్చినా. కాలవలో ఉప్పు పడవలోళ్ళు, సత్యవేడు కట్టెలేసుకొని పోయేటోళ్ళు మున్నూరిచ్చి కళ్ళకద్దుకుంటారు. అమ్మేది మనమే, సెడిపోతే బాగుసేసేదీ మనమే."

మా నాయన బండి చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. మోటార్ల వంక ఒకసారి చూసి, "అన్నా, ఎల్లుండి మొగ కాడ నీ వంతు. ఈసారన్నా వస్తావా?" అని అడిగాడు.

"నువ్వు పోరా. ఆ బురద నీకే ఇష్టం గదా."

అది నిజమే. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చిపోయే చోటును మొగ అంటాం. రొయ్యలన్నీ ఆ దారినే పోతాయి. అక్కడ గుంజలు నాటి, నీళ్ళు సముద్రం వైపు తీసే వేళకు వల కట్టి, మెడలోతులో నిలబడి కాసుకోవాలి. మా నాయనకు ఆ పని తప్ప వేరే ధ్యాస లేదు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, వంతు వచ్చిన రోజు పొద్దునే లేచి గుంజలు తోముకుంటూ పాడేవాడు. బాగా పాడేవాడు కాదు.

మొగ నీళ్ళల్లో ఎవరు పడితే వాళ్ళు వల వేయడానికి లేదు. పెళ్ళయిన ప్రతి మగవాడికీ ఒక వంతు. వలకు బరువు కట్టే కాల్చిన మట్టిబిళ్ళ మీద ఎవరి గుర్తు వాళ్ళు గీసుకునేవాళ్ళు. ఏటా అరవవాళ్ళ ఆడి నెల పద్దెనిమిదో నాడు, ఆగస్టు మొదట్లో, ఆ బిళ్ళలన్నీ ఒక కుండలో వేసి తీస్తే, ఏ వరసలో వస్తే ఆ వరసలో ఏడాదంతా వంతులు నడిచేవి. చిన్న కొడుకులు పెళ్ళిలో కొత్త గుర్తు గీసుకుంటారు. తండ్రికి శక్తి ఉడిగాక ఆయన గుర్తు పెద్ద కొడుక్కి పోతుంది. అట్లా తాత గుర్తు, మూడు గీతలు, పెదనాయనకు వచ్చింది. అది తాత తాతల నాటిదట. మా నాయనది సున్నా, నడిమధ్యన చుక్క. పెళ్ళి రోజు ఆయనే గీసుకున్నాడు.

వల వదిలి వేరే బతుకు పట్టిన వాడి బిళ్ళను కుండలో నుంచి తీసి చేతికి ఇచ్చేస్తారు. ఆ తర్వాత వాడు మొగ నీళ్ళల్లో కాలు పెట్టకూడదు, ఇంకొకరి వలకు కూలీగా కూడా. మా ఆడవాళ్ళు పోట్లాడుకుంటే చివరికి వచ్చే తిట్టు అదే: "నీ మొగుని సేతికి బిళ్ళ రాను!"

పెదనాయన మదరాసులో ఉన్న నాలుగేళ్ళూ ఆయన వంతుకు కూడా మా నాయనే దిగాడు. వచ్చినదాంట్లో సగం అన్న పేరున తాత దగ్గర దాచాడు. వాడు తిరిగొస్తాడులే అని కుప్పంలో ఎవరూ అడ్డు చెప్పలేదు. తిరిగొచ్చాడు, మోటార్లతో.

నెల తిరక్కుండానే బిళ్ళలు వేసే రోజు వచ్చింది. ఈలోపల పెదనాయన కాలవలో మోటారు నడిపి చూపించాడు. ఆ మోతకు కొంగలు లేచిపోయాయి, కుక్కలు నీళ్ళలో దూకాయి, కుప్పంలో ముసలివాళ్ళు రొయ్య ఇంక ఈ వైపు రాదన్నారు. బిళ్ళల దగ్గర మోటార్ల మాట ఎత్తడానికి కుప్పం పెద్దకు కావలసినంత సాకు దొరికింది. ఆయన బక్కపలచటి మనిషి, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఎదుటివాడికి ఎక్కడ నొప్పో చూసి అక్కడే వేలు పెట్టేవాడు.

మగవాళ్ళు ఇసుకలో వలయంగా కూర్చున్నారు. ఆడవాళ్ళకు అక్కడ కూర్చునే హక్కు లేదు. వలలు ఆరేసే గుంజల దగ్గర అమ్మ, నేను నిలబడ్డాం.

"ఒగ పొయ్యి మింద రెండు బతుకులు ఉడకవు," అన్నాడు కుప్పం పెద్ద. "మోటారన్నా ఉండాల, వలన్నా ఉండాల. ఇంటిని ఇడగొట్టమని నేను అనను. మోటారు ఎవురిదో సెప్పండి, వాని బిళ్ళ వానికిచ్చేస్తాం."

ఎవరిదో కుప్పంలో కుక్కలకు కూడా తెలుసు. అందరూ పెదనాయన వైపే చూస్తున్నారు. అప్పుడు తాత కర్ర ఊని లేచాడు.

"సిన్నోడిది," అన్నాడు.

మా నాయన తలెత్తాడు. ఆయనతో ఎవరూ ముందుగా చెప్పలేదు.

తాత ఎత్తు ఇది. పెద్దవాడి బిళ్ళ పోతే మూడు గీతల గుర్తు పోతుంది. చిన్నవాడి సున్నా నిన్న మొన్నటిది, పోతే పోయింది. పేరుకు మోటార్లు చిన్నవాడివి అంటే పెద్దవాడి వంతు కుండలో నిలబడుతుంది. ఆ వంతుకు ఎప్పటిలాగే చిన్నవాడు దిగుతాడు, బిళ్ళ పోయినవాడు దిగకూడదన్నా కుప్పం ఈ నాలుగేళ్ళ మాదిరే చూసీ చూడనట్టు పోతుంది, మోటార్లు పెద్దవాడు నడుపుకుంటాడు. తాత దీన్ని తనలోనే లెక్క వేసుకున్నాడు. ఆ గుర్తు తీసుకోవడానికి బిడ్డల్లేని పెద్దవాడి తర్వాత ఎవరూ లేరన్నది ఆ లెక్కలోకి రాలేదు.

"సిన్నోడిదా?" కుప్పం పెద్ద నవ్వలేదు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "నిన్నటి దాకా వానికి మోటారు మూతి యాడుండాదో ముడ్డి యాడుండాదో తెలీదే. ఏమప్పా, నీదేనా?"

మా నాయన తాతను చూశాడు. తాత ఇసుకను చూస్తున్నాడు.

"నాదే," అన్నాడు నాయన.

కుండలో చెయ్యి పెట్టి, వెతికి, సున్నా బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టారు. తాత కూర్చోబోయాడు. కుప్పం పెద్ద ఆపాడు.

"ఉండు మామా. మోటారు సిన్నోడిదైతే పెద్దోనికి మోటారుతో పని లేదు గదా. వలతోనే పని. ఇంక వాని వంతుకి వాడే దిగల్ల. సిన్నోని కాలు మొగ నీళ్ళల్లో కనబడిందా, ఇంటిల్లిపాదీ కుప్పం బయటే. నువ్వు పెద్దమనిసివి, అబద్ధం సెప్పవు. అందుకే నీ మాట పట్టుకొనే ఈ మాట అంటా ఉండా."

తాత కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు.

కుప్పం పెద్ద మా నాయన వైపు తిరిగి, "నీకొగ దారుండాదిలేప్పా. మళ్ళా ఏడు ఇదే దినానికి నీ కాడ ఒగ మోటారు కూడా లేకుంటే, ఆ బిళ్ళ తెచ్చి నీ సేత్తోనే కుండలో ఏసుకో," అన్నాడు.

ఆ రోజు నుంచి మా నాయనకు బతుకంటే ఆ ఒక్క రోజు కోసం ఎదురుచూపు. ఒక ఏడాదిలో, ఇంటి పక్కన మోటార్లు పెట్టిన షెడ్డు ఖాళీ చేయాలి.

ఇంటికి రాగానే ఆ మాటే అన్నాడు. "అన్నా, అన్నీ అమ్మేస్తా. ఎట్ల అమ్మాలో, ఎట్ల బాగుసేయాలో నాకు నేర్పు. మళ్ళా ఆడి నెలకి ఒగటి కూడా ఉండకూడదు."

"నేర్పుతాలే," అన్నాడు పెదనాయన.

మొదటి వంతుకు పెదనాయన మొగలో దిగాడు. నాలుగేళ్ళు ఇనుముతో పనిచేసిన చేతులు, ముడి పడలేదు. వల ఎత్తుగా కట్టాడు, రొయ్యలన్నీ కింద నుంచి పోయాయి. మధ్యలో గుంజ జారి బురదలో బోర్లా పడ్డాడు. పక్క గుంజల దగ్గర ఉన్నవాళ్ళు ఒడ్డు దాకా వినబడేటట్టు అరిచారు.

"ఓ మేస్త్రీ! వలకు పెట్రోలు పోసినావా లేదా?"

"తాడు లాగు మేస్త్రీ, తాడు లాగు, లేస్తాది!"

ఆయన ఇంటికి వచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు. నేరుగా షెడ్డులోకి పోయాడు. అక్కడ మా నాయన ఒక మోటారు విప్పి మరలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఏ మర ఎక్కడిదో ఒకటి తప్పు పెట్టాడు. పెదనాయన మోటారు లాగే తాడు తీసుకుని ఆయన వీపు మీద కొట్టాడు. మా నాయనకు ముప్పైరెండేళ్ళు, ఇద్దరు బిడ్డల తండ్రి. చెయ్యి అడ్డం పెట్టలేదు. మర తీసి మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

తాత వాకిట్లో కూర్చుని చూస్తున్నాడు. "మెల్లగరా," అన్నాడు. నేను కొడుకు మీద జాలి అనుకున్నాను. "తాడు తెగుతాది. మళ్ళా మదరాసుకు పోవల్ల."

ఆ ఏడాది పెదనాయన వంతు వచ్చిన ప్రతిసారీ ఇదే జరిగింది. వల ఖాళీగా వస్తుంది, తాడు నాయన వీపు మీదికి పోతుంది. వంతు దగ్గర పడిందంటే అమ్మ ఆ తాడును బియ్యం కుండలో దాచేది. పెదనాయన తాడు కోసం వెతికేవాడు కాదు, ఇంకేదో తీసుకునేవాడు. రెండుసార్లకే అమ్మ దాచడం మానేసింది. తాడే నయం అనుకుంది.

అమ్మకు వేరే కష్టం వచ్చి పడింది. ఉప్పునీళ్ళలో తిరిగిన మోటారును మంచినీళ్ళతో కడగకపోతే లోపల తుప్పు పడుతుంది. బాగుచేయమని తెచ్చిన ప్రతి మోటారుకూ నాలుగు కడవలు కావాలి. మా కుప్పంలో మంచినీళ్ళంటే ఇసుకలో తవ్విన చెలమ ఒకటే, అదీ కొబ్బరిచిప్పతో ముంచుకోవాలి. ఒక కడవ నిండడానికి పావుగంట. అమ్మ ముంచుతుంటే మిగతా ఆడవాళ్ళు కడవలు పెట్టుకుని వెనక నిలబడేవాళ్ళు.

"ఏం వదినా, మోటారుకు దప్పికైనాదా?"

"దప్పిక కాదు లేమే, పురిటికి పోసుకుంటా ఉండాది. వదినా, ఏన్నీళ్ళు పెట్టకపోయినావా? సలిజరం వస్తాది పాపం దానికి."

"మా బిడ్డలకు తాగేదానికే ఊట సాలకుండాది, ఈయమ్మ ఇనుముకు తాపిస్తాది."

ఒకరోజు ఒకామె అమ్మ కడవలో గుప్పెడు ఇసుక పోసింది. ఆమె అమ్మకు సొంత మేనమామ కూతురు. అమ్మ కడవ వంచేసి మళ్ళీ మొదటి చిప్ప నుంచి ముంచింది. రొయ్యలు ఎండబెట్టుకునే చోటు కూడా అమ్మకు లేకుండా పోయింది. వంతు లేనివాడి పెళ్ళాం ఆ ఇసుకలో చాప పరచకూడదట. చాప చుట్టి మా గుమ్మం ముందు పడేసి పోయారు.

మా నాయన మాత్రం ఆ ఏడాది పని నేర్చుకున్నాడు. బాగా నేర్చుకున్నాడు, అదే కొంప ముంచింది. ఆయన సరుకు అమ్మే పద్ధతి ఎవరికీ లేనిది. కొనడానికి వచ్చిన పడవవాడికి ముందు మోటారులో ఉన్న లోపం చెప్పేవాడు. "ఇది పొద్దున ఒగ లాగుకు లేవదప్పా, రెండో లాగుకు లేస్తాది. దీనికి నాసు తగులుకుంటే పంకా ఇరిగేదానికి లేదు గానీ, నిలిచిపోతాది, అప్పుడు భయపడొద్దు." నీటి అడుగున ఎక్కడ నాచు ఉంటుందో, ఎక్కడ లోతు తక్కువో ఆయనకు తెలుసు. ఎక్కడ మోటారు ఎత్తిపట్టుకోవాలో కాలవ పొడుగునా చెప్పేవాడు. పడవవాళ్ళు ఆయన్ను నమ్మారు. మొదటి మూడూ సంక్రాంతి లోపలే పోయాయి. పెదనాయన మళ్ళీ నాలుగు తెచ్చాడు. అవి పోతే ఇంకో నాలుగు. తెచ్చిన ప్రతిసారీ నాయన ఒకే మాట అడిగేవాడు.

"అన్నా, ఆడి నెలకి ఖాళీ కావల్ల. మాటిచ్చినావు."

"అవుతాదిలేరా. నువ్వు అమ్ము."

మొత్తం పదకొండు. పదో మోటారు జూన్‌లో పోయింది. పదకొండోది ఎవరూ కొనలేదు, దాని నెత్తిన చీలిక ఉంది. బిళ్ళల రోజుకు వారం ఉందనగా నాయన దాన్ని ఒక ఉప్పు పడవ ఆయనకు చీలిక చూపించి మరీ నూరు రూపాయలకు ఇచ్చేశాడు. కొన్న ధర కంటే పది తక్కువ. పెదనాయన తాడు తీస్తాడని నేనూ చెల్లీ పెరట్లోకి పోయి నిలబడ్డాం. ఆయన తాడు వైపు పోలేదు. "సరేలే," అన్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ, మీ పెదనాయనకు మనసు మారినట్టుంది అంది.

నాయన షెడ్డు ఊడ్చాడు. నూనె మరకల మీద ఇసుక పోసి, ఆ ఇసుక ఎత్తి పారబోశాడు. ఏడాదిగా ముట్టని వల దించి, తుమ్మచెక్క కాచిన నీళ్ళలో నానబెట్టి, ఎర్రగా ఆరబెట్టాడు. నన్ను కూర్చోబెట్టుకుని వలలో తెగిన కళ్ళు చూపించి ముడి వేయించాడు. ఆ వారం రోజులూ మళ్ళీ పాడాడు.

1947 ఆడి నెల పద్దెనిమిదో నాడు ఆయన సరస్సులో మునిగి, తడిబట్టతోనే పోయి వలయంలో కూర్చున్నాడు. గుప్పిట్లో బిళ్ళ ఉంది. తాత, పెదనాయన పక్కపక్కన కూర్చున్నారు. మేము గుంజల దగ్గర నిలబడ్డాం.

కుప్పం పెద్ద ఇద్దరు మనుషుల్ని మా షెడ్డు చూసి రమ్మని పంపాడు. వాళ్ళు వచ్చి, "ఊడ్సిపెట్టినాడు. మర ముక్క కూడా లేదు," అన్నారు.

"అట్లయితే సరే," అన్నాడు కుప్పం పెద్ద. "రాప్పా. ఏసుకో."

నాయన లేచాడు. కుండ దాకా ఆయన పోలేదు. ఇసుక దారి వైపు నుంచి బండి ఎద్దుల గంటలు వినిపించాయి. అందరూ అటు తిరిగారు. తడ బండివాడు ఎద్దుల్ని ఆపి, ఎవర్ని అడగాలో తెలియక గట్టిగా అరిచాడు.

"మోటారు కొట్టాయన యాడుండాడప్పా? మదరాసు సరుకొచ్చినాది. ఆరు. నిన్న రైల్లో దిగినాయి. యాడ దించల్ల?"

మా పెదనాయన తల వంచుకుని కాలి వేలితో ఇసుకలో గీతలు గీస్తున్నాడు. ఆ సరుకుకు డబ్బు ఇచ్చింది తాత. అమ్మిన పదకొండు మోటార్ల లాభం తాత పెట్టెలోనే ఉండేది, దాని తాళం ఆయన మొలతాడుకే ఉండేది. ఆ డబ్బు పెట్టెలో నుంచి నెల ముందే కదిలిందని మాకు తర్వాత తెలిసింది. ఇంత బాగా అమ్మేవాడు మళ్ళీ నీళ్ళలో దిగితే కొట్టు ఎవరు నడపాలి? ఇద్దరూ కలిసి అనుకున్నది అదే.

"ఎవురిది మామా సరుకు?" కుప్పం పెద్ద తాతను అడిగాడు.

"సిన్నోడిదే," అన్నాడు తాత. ఈసారి లేచి నిలబడే శ్రమ కూడా పడలేదు.

నా పక్కన ఉన్న అమ్మ అరిచింది. "కాదు! అబద్ధం! సంవత్సరం నుంచీ అబద్ధమే!"

కుప్పం పెద్ద గుంజల వైపు తిరగనే లేదు. "యాడో ఎవురో దగ్గినట్టుండాది," అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వు తగ్గేదాకా ఆగి మా నాయనతో అన్నాడు:

"మీ నాయన సెప్పినాడు. నువ్వు సెప్పప్పా. నీది కాదంటే కాదను, నీ మాటే తీసుకుంటాం. బిళ్ళ ఏసుకో. కాకుంటే ఒగటి. నీది కాదంటే మీ నాయన ఈ కుండ ముందర రెండు తూర్లు అబద్ధమాడినట్టు. దానికేముండాదో నీకు తెలుసు."

ఏముందో అందరికీ తెలుసు. కుండ ముందు అబద్ధమాడినవాడి ఇంటి పైకప్పు లాగేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ వంతులతో సహా వెళ్ళగొడతారు. అంటే నిజం చెప్పినా నాయన బిళ్ళ కుండలో నిలబడదు. ఆయన ముందు రెండు దారులు పెట్టి, రెండూ మూసి, ఏదో ఒకటి ఎంచుకోమన్నారు.

నాయన నిలబడిన చోటే ఒంటి మీది తడిబట్ట ఆరింది. తాత ఒక్కసారి కూడా తలెత్తి కొడుకును చూడలేదు. పెదనాయన గీసిన గీతలు చెరిపి మళ్ళీ గీస్తున్నాడు.

"నాదే," అన్నాడు నాయన.

"అయితే దాన్ని ఇంక ఈడికి తేవద్దు," అన్నాడు కుప్పం పెద్ద. "రెండు తూర్లు అడిగినాం. మూడోతూరి అడగం."

బిళ్ళలు వేశారు, తీశారు. పెదనాయన మూడు గీతల బిళ్ళ ఐదోదిగా వచ్చింది. నాయన బండి దగ్గరికి పోయి, బండివాడితో కలిసి ఆరు మోటార్లూ షెడ్డులో దించాడు. కూలి అడిగితే తాత దగ్గర తీసుకోమన్నాడు. ఆ నెలలోనే స్వాతంత్ర్యం వచ్చింది. తడ స్టేషన్లో మిఠాయి పంచుతుంటే ఆ దారిన పోయిన అమ్మ రెండు ముక్కలు కొంగున కట్టుకొచ్చింది, నాకూ చెల్లికీ.

మరుసటి ఏడాదికి పెదనాయన మొగకు పోవడం మానేశాడు. ఒక వంతు ఎగ్గొట్టాడు, రెండోది ఎగ్గొట్టాడు, మూడో వంతు నాటికి ఆయన గుంజల్ని పక్కవాళ్ళు పీకి వాడుకున్నారు. ఎవరూ ఆయన్ను పిలిచి అడగలేదు. 1948లో బిళ్ళలు వేసిన రోజు కుప్పం పెద్ద పంపిన మనిషి ఒకడు మా ఇంటికి వచ్చి, మూడు గీతల బిళ్ళను వాకిట్లో ఉన్న తాత ఒళ్ళో పెట్టి, "ఇంద మామా, నీదే," అని పోయాడు. ఏ బిళ్ళ కోసం మా నాయనను మోటారు మనిషిని చేశారో ఆ బిళ్ళ రెండేళ్ళు ఆగింది.

తర్వాత మేము కుప్పం వదిలేశాం. తడ దగ్గర కాలవ గట్టు మీద కొట్టు పెట్టారు. డబ్బు పెట్టె ముందు పెదనాయన, మోటారు ముందు మా నాయన. పద్నాలుగో ఏట నుంచి కొట్టు లెక్కలు నేను రాశాను, అందుకే ఈ అంకెలు నాకు తెలుసు. కొట్టు బాగా నడిచింది. నాయన బాగుచేసిన మోటారును ఒడ్డుకు కట్టిన పడవ మీదే నడిపి చూసేవాడు. కట్టు విప్పి పోయేవాడు కాదు. కొన్నవాళ్ళే తోలుకుపోయేవాళ్ళు.

1949 చలికాలంలో తాత మంచం పట్టాడు. అన్నం దిగడం లేదు. ఒక మధ్యాహ్నం మా నాయనను దగ్గరికి పిలిచాడు. నేను అక్కడే కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతున్నాను.

"సిన్నోడా, మొగ రొయ్యలు తినాలని ఉండాదిరా. సంతలోవి కాదు. మన మొగవి."

నాయన చేతులకు అంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. వేలి సందుల్లో కూడా తుడిచాడు.

"నేను దిగేదానికి లేదు గదా నాయనా," అన్నాడు. "పెద్దోన్ని అడుగు. గుర్తు వానిదే."

కుప్పం నుంచి రొయ్యలు తెచ్చి అమ్మేవాళ్ళు రోజూ మా కొట్టు ముందు నుంచే పోయేవాళ్ళు. అణాకు దోసెడు. నాయన కొనలేదు, అమ్మనూ కొననివ్వలేదు. తాత తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజులూ రొయ్యలే అడిగాడు. నాయన ప్రతి పూటా వచ్చి మంచం పక్కన నిలబడి, అదే మాట, అదే గొంతుతో చెప్పి, మళ్ళీ పనిలోకి పోయాడు.

పోయినవి ఇవి:

మొగ నీళ్ళల్లో వంతులు రెండు. అందులో మా నాయనది ఒకటి.

మూడు గీతల గుర్తు ఒకటి, తీసుకునేవాళ్ళు లేక. సున్నా గుర్తు ఒకటి.

కుప్పంలో ఇల్లు ఒకటి, షెడ్డు ఒకటి. అమ్మ రొయ్యలు ఎండబెట్టుకునే చోటు, రెండు చాపలు పట్టేది.

తుమ్మచెక్క పట్టించిన వల ఒకటి. పట్టించాక ఒక్కసారి కూడా మొగలో దిగలేదు. కట్టెల పడవవాడు మోపులకు తాడుగా కావాలంటే నాయన ఊరికే ఇచ్చేశాడు.

అమ్మకు మేనమామ ఇంటితో రాకపోకలు.

తాత, 1949లో.

మా నాయన ఆ తర్వాత ఇరవైతొమ్మిదేళ్ళు బతికాడు. ఆ ఇరవైతొమ్మిదేళ్ళ నీళ్ళు.